టేపు అంటించని సోఫా

జర్మన్ భాషలో చీపురు పుంలింగమట. డెర్ బేజెన్. ఆ సంగతి తెలిసినప్పుడు నేను హాలు ఊడుస్తున్నాను, చెవిలో పాఠం నడుస్తోంది. నాకు నవ్వాగలేదు. ఈ ఇంట్లో మగవాడి చెయ్యి తగలని వస్తువంటూ ఉంటే అది చీపురే మరి. సోఫాలో కూర్చుని టీవీ చూస్తున్న మా ఆయన, ఏంటే నీలో నువ్వే నవ్వుకుంటున్నావు అని అడిగి, నేను దగ్గరికి రాగానే కాళ్లు రెండూ పైకెత్తి పట్టుకున్నాడు. ఇంటిపనిలో ఆయన చేసే సాయం అదొక్కటే. నేను సోఫా కింద ఊడ్చుకుని ముందుకు జరిగాను.

నేను నర్సుని. జర్మనీలో ఆసుపత్రి ఒకటి నన్ను తీసుకుంటానంది, భాష పరీక్ష పాసైతేనే అని మెలిక పెట్టింది. నాతోపాటు మా ఆయన రావాలంటే ఆయనా ఒక పరీక్ష రాయాలి. నాది పెద్ద పరీక్ష, ఆయనది ఓనమాల పరీక్ష. ఆ భాషలో ఏ వస్తువు పేరైనా ఒంటరిగా నడవదు. ముందు డెర్ అనో, డీ అనో, దాస్ అనో తగిలించాలి. బల్ల మగది, దీపం ఆడది, మంచం రెండూ కాదు. ఎందుకలా అంటే జవాబు లేదు. ఫోన్లో పాఠం చెప్పే మేడం మొదటిరోజే తేల్చి చెప్పేసింది, కారణాలు వెతికితే బుర్ర పాడవుతుంది, వస్తువు చేతికి తగిలినప్పుడల్లా ముందుమాటతో కలిపి పైకి అనండి, అదే నాలుకెక్కుతుంది అని.

వార్డులో ఒక మందు గొట్టం ఇంకోదానితో కలవకుండా రంగు టేపులు చుడతాం. అదే పద్ధతి ఇంటికి తెచ్చుకున్నాను. డెర్‌కి నీలం, డీకి ఎరుపు, దాస్‌కి ఆకుపచ్చ. బజార్లో మూడు చుట్టలు కొని, పని చేస్తూ చేస్తూ చేతికొచ్చినదానికల్లా చిన్న ముక్క అంటించాను. డెర్ ఐమర్ అంటూ బకెట్టు నింపాను, డీ షుస్సెల్ అంటూ గిన్నె తోమాను, దాస్ హాంటుఖ్ అంటూ తువ్వాలు ఆరేశాను. చదువుకోవడానికి వేరే సమయమంటూ నాకెక్కడిది? డ్యూటీ దిగితే వంటిల్లు, వంటిల్లు దిగితే డ్యూటీ. మా అత్తగారు ముక్కున వేలేసుకుని, ఇది ఇల్లా ఆసుపత్రా అంది. మా ఆయన మాత్రం జాలిపడ్డాడు. ఇదంతా చదువు ఒంటబట్టనివాళ్ల పద్ధతట. బ్యాంకు ఆఫీసరుకి ఇదొక లెక్కా, పుస్తకం ముందేసుకుని ఒక్క నెల కూర్చుంటే సరిపోతుందన్నాడు.

నేను పాసయ్యాను. ఆ మాట ఇంట్లో చెప్పినప్పుడు అత్తగారు పాలు తోడేశావా అని అడిగింది. ఆయన, సరే అయితే ఇక నా సంగతి చూడు అన్నాడు. ఏడుపొచ్చినంత పనైంది. పొయ్యి దగ్గర నిలబడి, నాకు నేనే గట్టిగా భేష్ అనుకున్నాను.

ఆయన సంగతి చూడటమంటే, ఆయన పుస్తకం తెరిచే వేళకి టీ ఇచ్చి, పక్కన కూర్చుని పదాలు అప్పజెప్పించుకోవడం. నాలుగు పదాలకే ఆవులింతలు వచ్చేవి. నిన్న చెప్పినవి ఇవాళ మళ్లీ మొదట్నుంచీ. అయినా ధీమాగానే వెళ్లి రాశాడు. మొహం మాడ్చుకుని తిరిగొచ్చాడు.

ఫెయిలవడం కన్నా, ఫెయిలవడానికి ఆయన చెప్పిన కారణం నాకు ఎక్కువ గుర్తుండిపోయింది. మాట్లాడే పరీక్షలో బొమ్మల కార్డులు ఇస్తారు. వచ్చిన బొమ్మ చూసి, ఆ వస్తువు కావాలని ఎదుటివాళ్లను అడగాలి. అంతే. ఆయనకి ఒకసారి బకెట్టు వచ్చింది, ఇంకోసారి ఇస్త్రీపెట్టె.

"అన్నీ ఆడవాళ్ల వస్తువులే ఇచ్చారు," అన్నాడు బూట్లు విప్పుతూ. "మగాళ్లకి వేరే కార్డులు పెట్టాలి కదా. కారు అడగొచ్చు, పేపరు అడగొచ్చు."

వేళాకోళం కాదు, నిజంగానే నొచ్చుకున్నాడు. నేను ఆయన చొక్కా వంక చూశాను. ఆ పొద్దున నేను ఇస్త్రీ చేసిన చొక్కా. స్నానం చేసింది నేను నింపి పెట్టిన బకెట్లోంచి. అత్తగారు, నిజమే పాపం, వాడికి అవన్నీ ఎలా తెలుస్తాయి అని కొడుక్కి వత్తాసు పలికింది.

ఆ వెంటనే మొదలైంది అసలు గొడవ. ఏ తేదీకి చేరతానో సోమవారంలోగా చెప్పమని ఆసుపత్రివాళ్లు రాశారు. ఆర్నెల్లు ఆగమని అడుగు, ఈలోగా నేనూ పాసవుతాను, కలిసి వెళ్దాం అన్నాడు ఆయన. మొగుణ్ని వదిలి ముందు పోతే నలుగురూ ఏమంటారు అంది అత్తగారు. ఆగితే ఆ ఉద్యోగం నా కోసం ఆగదని నాకు తెలుసు. ఆ మాట చెప్పినా ఎవరూ చెవిన పెట్టలేదు. ఇదివరకు పైచదువుకి సీటొచ్చినప్పుడు ఆయనకి బదిలీ అయింది, ఆగాను. హెడ్ నర్సుని చేస్తామన్నప్పుడు, నీకెందుకే ఆ తలనొప్పి, ఇల్లెవరు చూస్తారు అన్నాడు, మానేశాను. ప్రతిసారీ సరే అన్నాను. ఎవరూ నా నోరు నొక్కలేదు. గిన్నెలు తోమినట్టే, సరే అనడం కూడా నా పనుల్లో ఒకటైపోయింది.

ఆదివారం మధ్యాహ్నం గట్టు తుడిచి, గుడ్డ పిండుతూ వంటింటి గుమ్మంలో నిలబడ్డాను. ఎందుకో ఇల్లంతా ఒకసారి కళ్లారా చూడాలనిపించింది. పొయ్యి దగ్గర్నుంచి డబ్బాల మూతల దాకా, బాత్రూం తలుపు, బట్టలారేసే తాడు, ఇస్త్రీ బల్ల, హాల్లో నేను దుమ్ము దులిపే దీపం వరకూ ఎటు చూసినా నీలం, ఎరుపు, ఆకుపచ్చ. ఒక్క మూల మాత్రం బోసిగా ఉంది. సోఫా, టీవీ రిమోటు, పేపరు, ఆయన కళ్లజోడు. వాటికి టేపు వేయకూడదని నేననుకోలేదు. నా చేతికి పని చెప్పినవాటికి వేశాను, అంతే. నేను చేసే చాకిరీ ఎంతో నాకే అంతవరకూ తెలియదు. ఒళ్లు మండింది.

మండాక బుర్ర పనిచేసింది. ఆయన తెలివితక్కువ మనిషి కాదు. ఎన్నడూ ముట్టని వస్తువుల పేర్లు నాలుక మీద ఎలా నిలుస్తాయి? నేను ఆర్నెల్లు ఆగితే ఏమవుతుంది? ఆ ఆర్నెల్లూ బకెట్టు నేనే నింపుతాను, ఇస్త్రీ నేనే చేస్తాను, ఆయన అదే సోఫాలో కూర్చుని మళ్లీ ఫెయిలవుతాడు. అప్పుడు ఇంకో ఆర్నెల్లు. నేనిక్కడ ఉన్నంతకాలం ఆయన పాస్ కాడు.

చేతులు తుడుచుకుని కుర్చీ లాక్కున్నాను. ఫోను తీసి, మీరన్న తేదీకే వస్తాను అని ఆసుపత్రికి రాసి పంపేశాను. తర్వాత హాల్లోకి వెళ్లి ఇద్దరికీ చెప్పాను.

"నన్నొక మాట అడగాలనిపించలేదా నీకు?" అన్నాడు.

"అడిగితే ఆగమంటారు. మీరు పాసవ్వండి, వెంటనే పిలిపించుకుంటాను."

"మరి ఇల్లో?"

"టేపులన్నీ అలాగే ఉంచి వెళ్తున్నానండీ."

ఆయన మొహం టీవీ వైపు తిప్పుకున్నాడు. టీ వేళకి రోజూ నేను లేచి వంటింట్లోకి వెళ్తాను. ఇవాళ అత్తగారి పక్కన, ఆ సోఫాలోనే కూర్చున్నాను. ఎంత మెత్తగా ఉందో.

"టీ పెట్టవా?" అన్నాడు చివరికి.

"మీరు పెట్టండి. ఎర్ర టేపున్న గిన్నె తీసుకోండి. చేతికి తగిలినవాటి పేర్లన్నీ పైకి అనండి, పరీక్షకి పనికొస్తుంది."

ఆయన తల్లి వంక చూశాడు. ఎప్పుడూ జరిగేదే అది. ఆమె మోకాళ్ల మీద చేతులానించి లేవబోయింది. సగం లేచి ఆగింది. నా వంక చూసింది, వంటింటి వంక చూసింది. నేను వెళ్లాక అవన్నీ ఎవరి చేతికొస్తాయో ఆమెకి తట్టినట్టుంది. మళ్లీ కూలబడింది.

"వెళ్లరా," అంది కొడుకుతో. "నేను మాత్రం ఎన్నాళ్లు చేయగలను?"

ఇక్కడి పుల్ల తీసి అక్కడ పెట్టని మనిషి గుమ్మం దాటి లోపలికి వెళ్లాడు. చక్కెర ఎక్కడుందో తెలియక డబ్బాలన్నీ ఒక్కొక్కటే తెరుస్తున్నాడు. వంటింట్లో మూతల చప్పుడు కూర్చుని వినడం నాకు అదే మొదటిసారి.