తాడు అవతలి మంద

పోలీసులు ఆంజినమ్మను భుజం పట్టుకొని తాడు అవతలికి నెట్టారు. షామియానా కింద ముందు వరుస కుర్చీలో కూర్చున్న నేను అది చూశాను. చూసి కూడా చేతిలోని బిస్కెట్టు తిన్నాను. తలుచుకుంటే ఇప్పటికీ నోరు కడుక్కోవాలనిపిస్తుంది.

అది 2009 మే నెల. గంటకు మూడు వందల కిలోమీటర్ల వేగంతో పోయే రైలు మా పొలాల మీదుగా వేస్తారట. చిలమత్తూరు పక్కనున్న మా ఊళ్లో ప్రజాభిప్రాయ సేకరణ సభ పెట్టారు. పట్టా ఉన్నవాళ్లకు కుర్చీలు, కూల్‌డ్రింకులు. లేనివాళ్లకు తాడు అవతల ఎండ. ఆంజినమ్మకు పట్టా లేదు. తొంభై గొర్రెలున్నాయి. అవీ ఆమెతోపాటే తాడు అవతల నిలబడ్డాయి.

శనివారం శనివారం ఆంజనేయస్వామి గుడి కడిగేవాణ్ని కాబట్టి నాకొక పని అప్పగించారు. ఊరు ఒప్పుకున్నదని తీర్మానం చదవగానే టెంకాయ కొట్టాలి. టెంకాయ నా ఒళ్లోనే ఉంది.

"రైలుకు రెండు వైపులా గోడ వస్తుంది. అవతలికి పోవడానికి ఐదు కిలోమీటర్లకొక దారి ఇస్తాం" అన్నాడు బల్ల వెనక కూర్చున్న అధికారి.

"ఈడ ఆగుతాదా సారూ?" బాలప్ప అడిగాడు.

"ఆగదు."

"మా ఊర్లో బస్సే ఆగదు. రైలేం ఆగుతాదిలే!"

అందరం నవ్వాం. తాడు అవతలి నుంచి ఆంజినమ్మ అరిచింది.

"నా గొర్రెలుండేది ఈ పక్క. నీళ్ల తొట్టి ఉండేది ఆ పక్క. ఈ ఎండలో ఐదు కిలోమీటర్లు తోలితే సగం దావలోనే పడి సస్తాయి. గోడ ఎట్ల దాటల్ల సారూ?"

"పట్టాదారుల జాబితాలో నీ పేరు లేదమ్మా. అంటే నీకు నష్టం లేనట్టే" అంటూ అధికారి గొర్రెల వాసనకు సెంటు రుమాలు ముక్కుకు అడ్డం పెట్టుకున్నాడు.

స్వామి ముందు అందరం ఒకే వరుసలో నిలబడతాం. మరి ఈ తాడు ఎవరు కట్టారు? కట్టినప్పుడు నేనెందుకు అడగలేదు?

ఆమె మా వైపు తిరిగింది. "ఏమప్పా ఓబిలేషూ, కుర్చీ మెత్తగుండాదా? పోయినేడు నీ చేన్లో మూడు రాత్రులు మంద నిలిపినా. ఆ ఎరువుకే గదా నీ చెనిక్కాయ పండింది? గోడ లేస్తే నా మంద యాడ దాటల్ల? రైలొచ్చి నీ చేన్లో పెంటికలేస్తాదా?"

కుర్చీల్లో గుసగుసలు లేచాయి.

"గమ్మునుండండప్పా, నష్టానికి దుడ్లిస్తారంట" అన్నాడు తిప్పన్న.

ఓబిలేష్ లేచాడు. "రైలు పోయే చేనికిస్తారు తిప్పన్నా. మిగిలిన చేనుకు ఎరువు యాడిది? దుడ్లే ఇత్తుతావా?"

తన కుర్చీ ఎత్తుకొని తాడు దాటాడు. "కూచో అక్కా" అన్నాడు. బాలప్ప వెళ్లాడు. ఒకరి వెనక ఒకరు లేచారు. టెంకాయ పట్టుకొని నేనూ లేచాను. తిప్పన్న ఒక్కడే కుర్చీ వదల్లేదు.

"టెంకాయ కొట్టు స్వామీ, తీర్మానం చదివేస్తాం" అన్నాడు అధికారి తొందరగా.

"ఒక మాట సారూ. ఊరి అభిప్రాయం అంటిరి. ఊరు తాడు అవతలుండాది. మీరెవర్ని అడగతాండారు?" అన్నాను నేను.

నేను వెళ్లి తాడు విప్పేశాను. మంద ముందున్న పొట్టేలు కాళ్ల దగ్గర టెంకాయ కొట్టాను. ఆంజినమ్మ నోటితో అదిలించింది. తొంభై గొర్రెలు షామియానా కింద నుంచి, రైలు కోసం పాతిన సర్వే రాళ్ల మధ్య నుంచి, నీళ్ల తొట్టి వైపు పరుగెత్తాయి. అధికారి బల్ల ఎక్కాడు.

పోలీసులు ఆంజినమ్మతో సహా మమ్మల్ని పన్నెండు మందిని వ్యాను ఎక్కించారు.

"పట్టాదారులు దిగి ఇళ్లకు పొండి. మీ మీద కేసు లేదు" అన్నాడు ఎస్సై.

ఎవరూ దిగలేదు.

"ఎల్లుండి గోరంట్లలో గూడా ఇట్లాంటి సభే ఉండాదంట" అన్నాడు ఓబిలేష్. "గొర్రెలోళ్లకందరికీ కబురు పంపల్ల."

అప్పుడు ఖాళీ కుర్చీల మధ్య నుంచి తిప్పన్న లేచి వచ్చాడు. పోలీసు అడ్డం పెట్టిన కర్రను చేత్తో పక్కకు తోసి, వ్యాను మెట్టు మీద కాలు పెట్టాడు.

"జరగండప్పా" అన్నాడు. "నాగ్గూడా రొంత చోటియ్యండి."