చరణం దిగే చోటు

మేరమ్మ రోట్లో గోంగూర నూరుతోంది. వెనకనించి భర్త శాంతయ్య గొంతు వినిపించింది.

"ఆ దించే ముక్క ఏమన్నా తట్టిందా?"

ఉప్పు సరిపోయిందా అని అడిగినంత తేలిగ్గా అడిగాడు.

శాంతయ్య తిరువూరు పేటలో క్రీస్తు గుడికి ఉపదేశి, ఫాదర్‌గారు రాని రోజుల్లో ప్రార్థన నడిపేది అతనే. ఏటా క్రిస్మస్‌కి కొత్త పాట కడతాడు. పల్లవి ఇట్టే కడతాడు. చరణం ఎత్తుకుంటే దూతల రెక్కల దాకా, చుక్కల దాకా తీసుకుపోతాడు. అక్కణ్ణించి మళ్ళీ పల్లవిలోకి దిగడమే చేతకాదు. ఆ దించే ముక్క ఏటా మేరమ్మే ఇస్తుంది, పొయ్యి ఊదుతూనో అంట్లు తోముతూనో.

కిందటేడు పండగనాడు ఫాదర్‌గారు తెగ మెచ్చుకున్నారు. "ఆ ముక్క నీకెట్టా తట్టిందయ్యా శాంతయ్యా?"

"ప్రార్థనలో తట్టింది ఫాదర్."

అప్పుడు ఫాదర్‌గారికి టీ అందిస్తున్నది మేరమ్మే. ఇంటికొచ్చాక అడిగితే శాంతయ్య నవ్వాడు. "ఎవరి నోట వస్తే ఏంటే? ఆడవాళ్ళు పల్లవి అందుకోండి, చాలు."

"గుడిలో గొంతు లేపితే ఇంట్లో కూడెవరు వండుతారు?" అంది అత్త, మంచం మీంచి లేవకుండానే.

ఈ ఏటి పల్లవి 'తలుపు తియ్యండమ్మా, తలుపు తియ్యండి'. నెలలు నిండిన మరియమ్మ ఇల్లిల్లూ తిరిగి అడిగే మాట. నూరుతూ మేరమ్మ అదే తలుచుకుంది. పల్లవి అంటే ఏంటో ఆమెకెవరూ చెప్పలేదు. చెప్పక్కర్లేదు కూడా. ఊడ్చిన వాకిలి మళ్ళీ ఊడవడం, తోమిన గిన్నె మళ్ళీ తోమడం, ఎంత దూరం పోయినా అక్కడికే రావడం. కానీ పాటలో పల్లవి తిరిగొచ్చినప్పుడు మాటలవే అయినా బరువు మారుతుంది, మధ్యలో చరణం ఏదో చూసొస్తుంది గనక. తన రోజుల్లో మారేది ఒక్క నడుము నొప్పే. రెండో కాన్పుకి నెలలు నిండి, మిరపచేను నించి వచ్చి గడప ముందు నిలబడితే, "బిందె నింపుకుని రా, అప్పుడు తీస్తా" అని అత్త లోపల గడియ పెట్టింది. ఆ రోజు కూడా ఆకాశంలో చుక్కలున్నాయి.

పచ్చడి బండ ఆగింది. ముక్క దొరికింది.

"తట్టిందా?" మళ్ళీ అడిగాడు.

"లేదండి."

సాయంత్రం గుడిలో పాట నేర్చుకోవడానికి అందరూ చేరారు. ముందు మగవాళ్ళు, వెనక చాప మీద ఆడవాళ్ళు. శాంతయ్య చరణం ఎత్తుకున్నాడు. బంగారు చుక్క, దూతల గానం, ఇంకా పైకి. అక్కడ ఆగిపోయాడు. మళ్ళీ ఎత్తుకున్నాడు. మళ్ళీ అక్కడే.

జోజప్ప హార్మోనియం ఆపేశాడు. "ఉపదేశిగారూ, చుక్కల్లోకి బానే ఎక్కించారు. నిచ్చెనెవరో లాగేశారు, ఇప్పుడు దిగేదెట్టా?"

అందరూ గొల్లున నవ్వారు. శాంతయ్య వెనక్కి వంగి, "చెప్పవే మేరమ్మా" అన్నాడు గొణుగుతున్నట్టు.

ఎప్పటిలా చెవిలో చెప్పేస్తే సరిపోయేది. ఇంటికెళ్ళి అన్నం వార్చుకోవచ్చు. పొద్దుటినించీ నిలబడి కాళ్ళు పీకుతున్నాయి. అయినా ఆ కాళ్ళ మీదే లేచింది.

"చుక్క వెలిగితే తీరుతుందా చూలాలి నడుము నొప్పి..."

జోజప్ప తల తిప్పి చూసి, మెల్లగా మెట్లు నొక్కాడు. మగవాళ్ళు తేరుకునేలోపే చాప మీది ఆడవాళ్ళు అందుకున్నారు. 'తలుపు తియ్యండమ్మా' అన్నప్పుడు పక్కనున్న ముసలామె కళ్ళు తుడుచుకుంది. ఇందాక ఇదే పల్లవి పాడి ఆవలించిన మనిషే.

"ఆఁ! అదే, నా మనసులో ఉంది అదే!" శాంతయ్య మొహం వెలిగింది. "ఇంక కూర్చో, నేను పాడతా."

మేరమ్మ కూర్చోలేదు.

"ఇది నేను పాడతానండి. మీరు పల్లవి అందుకోండి, చాలు."