నాలుగు సంచుల నీళ్ళు

తెల్లారితే ఏలూరులో పరీక్ష. పదో తరగతి గట్టెక్కడానికి మరిడమ్మకు మిగిలింది ఆ ఒక్క సైన్సు పేపరే. పాసైతే ఊళ్ళో ఖాళీగా ఉన్న అంగన్‌వాడీ టీచరు పోస్టుకు దరఖాస్తు పెట్టొచ్చు. తప్పితే ముప్ఫై నాలుగేళ్ళ మరిడమ్మ ఆ అంగన్‌వాడీలో ఆయాగానే ఉండిపోవాలి.

ఆమెకు పాఠాలు చెబుతున్న సిల్వియా ఆ సాయంత్రం కైకలూరు దగ్గరి చేపపిల్లల షెడ్డుకే వచ్చేసింది. పొద్దుటి పని అయ్యాక మరిడమ్మ అక్కడ ప్యాకింగు చేస్తుంది.

“ఇదేంటండీ మరిడమ్మగారూ?” సిల్వియా నోటుబుక్కు తెరిచింది. “Fe + H₂O → Fe₃O₄ + H₂ సమీకరణాన్ని సమానం చెయ్యమంటే H₂O₄ అని రాశారు! ఇలాంటి నీళ్ళు కొల్లేరంతా గాలించినా దొరకవు.”

“Fe₃O₄లో ఆక్సిజన్లు నాలుగున్నాయి కదండీ. నీళ్ళలో ఒకటే ఉంది. నాలుగు చేశాను. సమానమైపోయిందా లేదా?”

“కిందున్న చిన్న అంకెను ముట్టుకోకూడదని వారం నుంచీ మొత్తుకుంటున్నాను!”

“ఎందుకు ముట్టుకోకూడదో చెప్పరేంటండీ మరి?”

సిల్వియా చెప్పింది. నాలుగు రకాలుగా చెప్పింది. ఒక్కటీ బుర్రకెక్కలేదు.

బయట వ్యాను హారన్ మోగింది. “రెండు వేల పిల్లలు! తొందరగా కానివ్వండమ్మా!” షెడ్డు చూసే జగ్గారావు కేకేశాడు.

సంచికి ఐదొందలు. నీళ్ళు, పిల్లలు, పైన సిలిండరు నుంచి ఆక్సిజన్, మూతికి రబ్బరు బ్యాండు. మూడు సంచులు సిద్ధంగా ఉన్నాయి. సాయం చేద్దామని సిల్వియా కొంగు దోపింది. మిగిలిన ఐదొందలూ కట్టేసిన ఓ సంచిలోనే పోసేద్దామని దాని రబ్బరు బ్యాండు మీద వేలు వేసింది.

మరిడమ్మ ఒక్క ఉదుటున వచ్చి చెయ్యి పట్టేసుకుంది.

“అయ్యయ్యో! కట్టిన సంచి విప్పుతారేంటండీ! ఆక్సిజన్ పోయి పిల్లలన్నీ చస్తాయి. ఎక్కువ కావాలంటే పక్కన ఇంకో సంచి పెట్టాలి గానీ!”

సిల్వియా కళ్ళు మెరిశాయి.

“మళ్ళీ చెప్పండి.”

“ఇంకో సంచి పెట్టాలండీ.”

“H₂O కూడా కట్టేసిన సంచేనండీ! లోపల చెయ్యి పెడితే నీళ్ళు నీళ్ళు కాకుండా పోతాయి. ఎన్ని సంచులో మాత్రం మీ ఇష్టం.”

మరిడమ్మ నోటుబుక్కు లాక్కుంది. “అయితే నీళ్ళు నాలుగు సంచులు. హైడ్రోజన్లు ఎనిమిదయ్యాయి, అటు H₂ నాలుగు సంచులు. ఇనుము విడిగానే దొరుకుతోంది, మూడు. ఇంతేనా అండీ! దీనికా వారం ఏడిపించారు?”

“టీచరుగారూ, ఎవరు ఎవరికి చెబుతున్నారండీ పాఠం?” జగ్గారావు పగలబడి నవ్వాడు.

మర్నాడు పరీక్ష అయ్యాక గేటు దగ్గర సిల్వియా మరిడమ్మ చేతిలోని ప్రశ్నపత్రం అందుకుని గతుక్కుమంది. తను చెప్పని సమీకరణం! Al + O₂ → Al₂O₃.

“ఇదేం చేశారండీ?” దానిమీద వేలు పెట్టి చూపించింది.

“ముందు కుదరలేదండీ. ఆక్సిజన్ సంచిలో రెండు, అటు సంచిలో మూడు. చెమటలు పట్టేశాయి.”

“ఊఁ?”

“అటు రెండు సంచులు పెట్టాను. ఆరయ్యాయి. ఇటు ఆక్సిజన్ మూడు సంచులు. అల్యూమినియం నాలుగు.”

సిల్వియా వేళ్ళమీద లెక్కపెట్టింది. నాలుగు, నాలుగు. ఆరు, ఆరు. నడిరోడ్డని కూడా చూడకుండా మరిడమ్మను వాటేసుకుంది. వెనకాల ఆటోవాడు హారన్ కొట్టి కొట్టి అలిసిపోయాడు.

“మిగతావన్నీ కూడా రాసేశానండీ,” ఊపిరాడక అంది మరిడమ్మ. “ఇంక ఆయా పనికి వేరే మనిషిని చూసుకోమనండి.”