ఎనిమిది అడుగుల పరుపు

దబ్బనం పరుపులోంచి అవతలకి తేలాక, పురికొస రెండుసార్లు లాగి ముడి వేసి, బొటనవేలితో నొక్కి చూశాడు జానెడు. అతని అసలు పేరు ఎవరికీ అవసరం పడలేదు. మనిషి పొట్టి కాబట్టి, పరుపుల దుకాణంలో చేరిన రోజునే పెద్ద యజమాని అలా పిలిచాడు. పెళ్లయ్యాక భార్య కూడా అదే పిలుపు అందుకుంది, కాకపోతే కాస్త ముద్దుగా. జుట్టులో దూది, కనుబొమల్లో దూది. ఏది నెరుపో ఏది దూదో అద్దంలో చూసుకున్నా అతనికి తెలియదు.

పరుపు పూర్తవగానే దాని మీద ఒకసారి పడుకుని లేవడం అతని అలవాటు. ఎక్కడైనా గడ్డ కట్టిందేమో వీపుకి తెలిసిపోతుంది. అలా ఊళ్లో సగం మంది పరుపుల మీద వాళ్లకంటే ముందు అతనే నడుం వాల్చాడు. వాటి మీద ఎవరు పడుకుంటారో, వాళ్లకి నిద్ర పడుతుందో లేదో ఎప్పుడూ అడగలేదు.

ఈ రోజు పరుపు మాత్రం వింతది. పొద్దున్నే ఒకావిడ ఫోన్ చేసి ఎనిమిది అడుగుల పొడవు కావాలంది. చిన్న యజమానికి ఆ కొలత నమ్మబుద్ధి కాక ఫోను జానెడు చేతిలో పెట్టాడు.

"మధ్యాహ్నానికల్లా అవుతుందా నాయనా? వేరే రోజంటే కుదరదు," అందావిడ. గొంతు బాగా అలిసిపోయి ఉంది.

"అవుతుందమ్మా. నేనే తెచ్చి వేస్తాను."

ఆవిడ సందు పేరు చెప్పి పెట్టేసింది. జానెడుని మాట ఇమ్మని అడిగినవాళ్లు ఇంతవరకూ పెద్దగా లేరు. అందుకని ఇచ్చిన ఈ ఒక్క మాటా అతనికి బరువుగానే తోచింది. పొద్దుటి తిండి కూడా మానేసి కుట్టాడు.

చివరి ముడులు పడుతున్నప్పుడు ఎదుటి సెలూన్ అతను నురగ బ్రష్షు చేతిలో ఉండగానే వచ్చి గుమ్మంలో నిలబడిపోయాడు. అక్కడ కుర్చీలో ఒక కస్టమరు సగం గడ్డంతో ఎదురుచూస్తున్నాడు.

"ఇదెవరికి?"

"తెలీదన్నా. ఎవరో ఆవిడ."

"పేరు చెప్పలేదా?"

"లేదు."

"ఎందుకు చెబుతారు? సంతకం అయ్యేదాకా గుట్టుగానే ఉంచుతారు," అన్నాడు సెలూన్ అతను, గొంతు తగ్గించి.

ఆ నెలంతా ఊళ్లో ఒకటే గొడవ. బాస్కెట్‌బాల్ సీజను అయిపోయింది, పెద్ద పెద్ద ఆటగాళ్ల ఒప్పందాలు ముగిశాయి. ఇప్పుడు వాళ్లంతా ఫ్రీ ఏజెంట్లు, ఏ జట్టు పిలిస్తే ఆ జట్టుకి పోవచ్చు. వాళ్లందరిలోకీ పొడుగాటివాడు, అభిమానులు 'నిచ్చెన' అని పిలుచుకునేవాడు, ఈ ఊరి జట్టులోకే వస్తాడో ఇంకెక్కడ తేలతాడో అంతుపట్టడం లేదు. అతని చెల్లెలు ఈ ఊరి విమానం ఎక్కిందని ఒకరు, ఆమెకసలు విమానమంటేనే భయమని ఇంకొకరు. ఆలు లేదు చూలు లేదు, కొడుకు పేరు సోమలింగం అన్నట్టు, నిచ్చెనకి ఏ నంబరు జెర్సీ ఇవ్వాలో కూడా సెలూన్ కుర్చీల్లోనే తేలిపోయింది. అలాంటి రోజుల్లో ఎనిమిది అడుగుల పరుపు కనిపిస్తే ఊరుకుంటారా?

కాసేపటికే దుకాణం ముందు జనం పోగయ్యారు.

"ఒక్క ఏడాదికైతే అద్దె మంచంతో సరిపెట్టుకునేవాడు. పరుపు కుట్టిస్తున్నాడంటే నాలుగేళ్ల ఒప్పందమే," అన్నాడు ఒక బస్ కండక్టరు.

"మోకాలి నొప్పి ఉందిగా, దూది పరుపు మీదే పడుకోమని డాక్టరు చెప్పుంటాడు," అన్నాడు సెలూన్ అతను.

ఏ మాట విన్నా అదే నిజమనిపించింది జానెడుకి. కానీ అంత గొప్పవాడి ఇంట్లో ఆ అలిసిన గొంతు ఎవరిది? పనిమనిషిదా? పనిమనిషైతే నాయనా అని ఎందుకంటుంది? ఆలోచించినకొద్దీ బుర్ర చిక్కుపడిన పురికొస అయింది. ఏమీ తోచక, అలవాటు కొద్దీ పరుపెక్కి పడుకున్నాడు. కాళ్లు సగాన్ని కొంచెమే దాటాయి. జనం నవ్వి ఫొటోలు తీసుకున్నారు. చిన్న యజమానికి ఉత్సాహం వచ్చింది. పరుపుని గుమ్మానికి ఆనించి నిలబెట్టించాడు. వచ్చినవాళ్లు ఊరికే పోకుండా దిండ్లు కొంటున్నారు మరి.

"మధ్యాహ్నమైంది అయ్యగారూ. నేను తీసుకెళ్తా," అన్నాడు జానెడు.

"ఉండవయ్యా. సాయంత్రం ఇస్తే కొంపలేం మునగవు."

ఊరుకోవడం జానెడుకి బాగా వచ్చిన పని. గోడ దగ్గర నిలబడి, ఎండ గుమ్మం దాటి వీధిలోకి జరగడం చూస్తూ చేతులు నలుపుకున్నాడు.

మళ్లీ ఫోన్ మోగింది. "దారిలో ఉందమ్మా, వచ్చేస్తోంది," అన్నాడు యజమాని, జనం వైపు కన్నుగీటి.

అది విని జానెడు గోడ దగ్గర్నుంచి కదిలాడు. వెళ్లి పరుపు కిందికి దించాడు. చుట్ట చుట్టి, తాడు బిగించి, భుజానికెత్తుకున్నాడు.

"ఏయ్, ఎవరు తియ్యమన్నారు?"

"నేను మాటిచ్చాను అయ్యగారూ," అన్నాడు జానెడు. ఇన్నేళ్ల కొలువులో యజమాని జవాబు కోసం ఆగకపోవడం అదే మొదలు.

పరుపు ఎక్కించిన దుకాణం వ్యాను వెనక నాలుగైదు స్కూటర్లు బయల్దేరాయి. సెలూన్ అతను జట్టు జెర్సీ కూడా తొడుక్కొచ్చాడు. సందు సన్నగా ఉంది, ఇల్లు అంతకన్నా చిన్నది. ఇలాంటి ఇంట్లో నిచ్చెన ఎందుకుంటాడని జానెడు పరుపు మోస్తూనే ఆలోచించాడు. గుమ్మంలో ఒక పెద్దావిడ నిలబడి ఉంది.

"వచ్చావా నాయనా," అంది. "ఇందాకే పోయారు."

ఎక్కడికి అని అడగబోయి, ఆవిడ మొహం చూసి ఆగిపోయాడు.

ఆవిడ స్కూటర్ల వైపు చూసింది. "వీళ్లంతా ఎవరు?"

జానెడు వెనక్కి తిరిగి చూశాడు. "సాయానికొచ్చారమ్మా," అన్నాడు.

లోపల మంచం మీద ఒక పొడుగాటి ముసలాయన, గడ్డం కింద దుప్పటితో. వడ్రంగి నిన్ననే మంచం పొడిగించాడట, కొత్త చెక్క వాసన వస్తోంది. పాత పరుపు చాలక పాదాలు బోడి చెక్క మీద ఉన్నాయి.

"కరెంటు ఆఫీసులో గుమాస్తా," అందావిడ, ఎవరూ అడక్కుండానే. "ఎవరు చూసినా బంతి ఆడేవారా అని అడిగేవారు. ఆయన జన్మలో బంతి ముట్టుకోలేదు. మంచాలన్నీ పొట్టివే. మంచి పరుపు కుట్టిద్దామంటే దండగ అనేవారు. మొన్న ఆస్పత్రి నుంచి తెచ్చాక అన్నారు, ఒక్కసారి కాళ్లు చాపుకుని పడుకోవాలనుందని."

జెర్సీ వేసుకున్న సెలూన్ అతను తల వంచుకున్నాడు. జేబులో అతని ఫోన్ మోగింది, ఆగి మళ్లీ మోగింది. చూడకుండానే నొక్కేశాడు.

"పరుపు తిరిగి తీసుకెళ్లనా అమ్మా?" అన్నాడు జానెడు. అంత తెలివితక్కువ మాట ఎందుకొచ్చిందో అతనికే అర్థం కాలేదు.

"వద్దు, వెయ్యి. ఎలాగూ ఆయనదే కదా."

కండక్టరు తల వైపు, సెలూన్ అతను నడుం దగ్గర, మిగతావాళ్లు కాళ్ల దగ్గర పట్టుకుని ఆయన్ని ఎత్తారు. జానెడు పాత పరుపు లాగి కొత్తది పరిచాడు. దించాక పాదాలు పరుపు మీదే ఉన్నాయి, వాటికి అవతల ఇంకా జానెడు చోటు మిగిలింది. ఆవిడ ఆ పాదాల మీదికి దుప్పటి లాగింది. మధ్యాహ్నమే తెచ్చుంటే ఆయనకి తెలిసేది. జానెడుకి ఏడుపొచ్చింది. ముక్కూ మొహమూ తెలియని మనిషి కోసం ఇంత ఏడుపేమిటో తెలియక మోచేత్తో కళ్లు తుడుచుకున్నాడు.

"కూర్చో నాయనా, పొద్దుట్నించీ కుట్టినట్టున్నావు," అని ఆవిడ గోడ పక్కనున్న స్టూలు చూపించింది. ఇన్నేళ్లూ మంచం చివర వేసుకుని ఆయన కాళ్లు పెట్టుకున్నది అదే.

జానెడు దగ్గరికెళ్లి, కూర్చోలేక నిలబడిపోయాడు. స్టూలు మీద పాత తువ్వాలు నాలుగు మడతలు వేసి ఉంది, అందులో పక్కపక్కనే రెండు మడమల గుంటలు.