అరచేతి గ్రీజు

ఎడమ అరచేతిలో నిమ్మకాయంత గ్రీజు ముద్ద పెట్టుకుని, కుడిచేతి వేళ్ళతో బేరింగు పట్టుకుని, దాని అంచును ఆ ముద్దలోకి నొక్కుతోంది గ్రీజత్త. నొక్కి, కాస్త తిప్పి, మళ్ళీ నొక్కుతుంది. ఉక్కు గుండ్ల సందుల్లోంచి గ్రీజు అవతలి వైపు తొంగిచూసేదాకా వదలదు. ఆ తర్వాత ఎక్కువైనదంతా చిటికెనవేలితో తోడేస్తుంది. లోపలి ఖాళీలో మూడో వంతే మిగలాలి. మించితే చక్రం బరువెక్కి మొరాయిస్తుంది. తగ్గితే నాలుగు నెలల్లో గుండ్లు ఎండిపోయి గరగరలాడతాయి. ఆ మూడో వంతు ఎంతో చెప్పే కొలపాత్ర ఏ దుకాణంలోనూ దొరకదు. ఆమె చిటికెనవేలికి తెలుసు, అంతే.

ముప్పై ఏళ్ళుగా ఆ బైకుల షాపులో, రోడ్డు వైపు కిటికీ కింద, ఆ ఎత్తు పీట మీదే ఆమె చోటు. షాపు మొదట ఆమె భర్తా, ఆయన తమ్ముడూ కలిసి పెట్టారు. పెళ్ళయిన కొత్తలో అన్నం క్యారేజీ ఇవ్వడానికి వచ్చిన మనిషి, ఆయన తినేదాకా ఊరికే కూర్చోవడం ఎందుకని ఒక బేరింగు చేతిలోకి తీసుకుంది. తీసుకున్నది మళ్ళీ కింద పెట్టలేదు. భర్త పోయి పదకొండేళ్ళయింది. ‘ఇంట్లో కూర్చో వదినా’ అని మరిదీ అనలేదు, ‘కూర్చుంటాను’ అని ఆమె కూడా అనలేదు. కూర్చుంటే మాత్రం పలకరించడానికి ఎవరున్నారు, గోడ గడియారం తప్ప!

ఆ పొద్దున మందుల డెలివరీ చేసే అమ్మాయి వచ్చింది. కొండ మీది ఇళ్ళన్నిటికీ మందులు చేర్చేది ఆ పిల్లే. ఎక్కడా నిమిషం నిలవదు కాబట్టి అందరూ తుర్రుపిట్ట అంటారు. చేతిలో చిన్న అట్టపెట్టె ఉంది.

“అత్తా, నీకు సవతిని తెచ్చాను,” అంది.

పెట్టెలో, రెండు వైపులా పల్చటి నల్ల మూతలు బిగించిన కొత్త బేరింగులు. గ్రీజు తయారీలోనే లోపల పెట్టి మూసేస్తారట. విప్పే పని లేదు, కడిగే పని లేదు, నొక్కే పని అసలే లేదు. రాపిడి తక్కువ, బండి తేలిగ్గా కొండెక్కేస్తుందట.

“నోరు మూసుకు కూర్చున్నదాన్ని ఎలా నమ్ముతావే?”

“నిన్ను నమ్మలేదా ఏంటి, ఇన్నాళ్ళూ?”

మరిది నవ్వలేదు. చుట్టుపక్కల షాపులన్నీ ఎప్పుడో మూతల బేరింగులకు మారిపోయాయి. ఇతను మాత్రం వదిన చేతికి పని ఉండాలని పాతరకమే తెప్పిస్తున్నాడు. ఆ సంగతి ఆమెకు తెలుసని అతనికీ తెలుసు. ఇంక దాటవేయడం కుదరక, ఆ పిల్ల బండి ముందు చక్రానికి రెండు రకాలూ ఒకదాని తర్వాత ఒకటి వేసి తిప్పి చూద్దామన్నాడు. ఏది ఎక్కువసేపు తిరిగితే ఇకమీదట అన్ని బళ్ళకూ అదే.

తుర్రుపిట్ట టీకి వెళ్ళగానే, మరిది స్పానరు వెతుకుతున్నట్టు పీట దగ్గరకు వచ్చి వంగాడు.

“వదినా, కాస్త తగ్గించి పెట్టు.”

“ఎంత?”

“పూసీ పూయనట్టు. గాలిలా తిరుగుతుంది. ఆ పిల్లకేం తెలుస్తుంది?”

“నాలుగు నెలలకి?”

“అప్పటికి మనమే మళ్ళీ విప్పి పెడదాం.”

“చక్రం పట్టేసేది కొండ మలుపులోనయ్యా, నీ షాపు ముందు కాదు. లే, వెలుతురుకి అడ్డం.”

అతను లేచాడు. ఆమె గ్రీజు నొక్కింది. తోడేటప్పుడు మాత్రం చిటికెనవేలు ఒక్క క్షణం ఆగింది. ఇంకొంచెం లోతుకు పోనిస్తే చాలు, రేపూ ఈ పీటే, ఎల్లుండీ ఈ పీటే. ఆగి, ఎప్పుడూ తోడినంతే తోడింది.

“నువ్వే తిప్పత్తా, తగువుండదు,” అంది తిరిగొచ్చిన తుర్రుపిట్ట.

నేలకు తగలకుండా ఎత్తి నిలబెట్టిన చక్రాన్ని ఆమె ఒక్క తోపు తోసింది. గాలికొట్టే మూతి పైకి వచ్చినప్పుడల్లా మరిది లెక్కపెట్టాడు. నలభై ఆరు. తర్వాత అవి తీసి కొత్తవి దించాడు. అదే చెయ్యి, అదే తోపు.

చప్పుడే లేదు. స్పోకులు కరిగి వెండి పొగలా అయిపోయాయి. కిటికీ ఎండ ఆ పొగలోంచి జారి, గోడ మీద నీళ్ళలా కదిలింది. నలభై దాటింది, అరవై దాటింది. మరిది గొంతు ఎక్కడో దూరపు గదిలోంచి వస్తున్నట్టుంది. పొగలో క్యారేజీ పట్టుకుని గుమ్మంలో నిలబడ్డ కొత్త పెళ్ళికూతురు కనిపించింది. మెడ మీద మసి చారతో ఆయన నవ్వాడు. వానకు షాపులోకి నీళ్ళొస్తే, ఇద్దరూ మోకాళ్ళ మీద పాకుతూ తేలే డబ్బాల మధ్య ఉక్కు గుండ్లు ఏరారు. తర్వాత చక్రాలు. ఒకదాని వెనక ఒకటి, వేల చక్రాలు, తన అరచేతిలోంచి లేచి, తను ఏనాడూ చూడని ఊళ్ళ మీదుగా మెత్తగా దొర్లుకుంటూ పోయాయి.

మరిది లెక్క ఎప్పుడు ఆపేశాడో తెలియలేదు. చక్రం ఇంకా తిరుగుతూనే ఉంది.

“బాగుంది,” అంది గ్రీజత్త. “అన్నిటికీ ఇదే వెయ్యి.”

“వదినా, మధ్యలో లెక్క తప్పింది. మళ్ళీ ఒకసారి...”

“నీ లెక్క తప్పితే తప్పిందిలే. చక్రం తప్పలేదుగా.”

తుర్రుపిట్ట మొదటిసారి నిమిషంపాటు నిలబడిపోయింది. “అత్తా, నేనేదో మామూలుగా తెచ్చానే గానీ...”

“మంచిదే తెచ్చావు. పో, కొండ మీద మందులకు ఎదురుచూస్తుంటారు.”

బండి వెళ్ళిపోయింది. ఇంజను శబ్దమే గానీ చక్రం శబ్దం వినపడలేదు. గ్రీజత్త ఒకసారి కిరోసిన్‌తో, రెండుసార్లు సబ్బుతో, గోళ్ళ సందులు కూడా వదలకుండా చేతులు కడుక్కుంది.

“రేపు కాస్త పెందలాడే రా వదినా,” అన్నాడు మరిది. “చైన్లు తుడవాలి.”

“చైన్లు తుడవడానికి నీ చేతులకేమైంది? ఆదివారం నువ్వే రా ఇంటికి. పిల్లల్ని తీసుకురా.”

పీట దిగి, చెప్పులు వేసుకుని, నడి మధ్యాహ్నపు వీధిలోకి వెళ్ళిపోయింది. ఆ వేళప్పుడు ఆ వీధిలో ముప్పై ఏళ్ళుగా ఆమె నడవలేదు. అటూ ఇటూ చూసుకుంటూ, కొత్త ఊళ్ళో దిగినదానిలా మెల్లగా నడిచింది.

మరిది చేతులు తుడుచుకుందామని కిటికీ వైపు చెయ్యి చాపాడు. ఈ వారం తుడవడానికని ఆమె ఇంట్లో కత్తిరించి, ఉతికి తెచ్చిన గుడ్డ చువ్వకు వేలాడుతోంది. మసి ఇంకా అంటలేదు. అతను చేతులు తన ప్యాంటుకే తుడుచుకున్నాడు. ఆ గుడ్డ వాళ్ళన్న పాత చొక్కా చెయ్యి. మణికట్టు దగ్గర బొత్తాం కాజాలో పెట్టే ఉంది.