ఎద్దు లేచినంక మందు

గోదారి ఎన్నడు లేనంత పెద్దగ పొంగిన ఏడు, ఎనభై ఆరుల, కైలాసం బిడ్డ గంగుకు జరమొచ్చింది. ఇచ్చోడ అవతల అడివి అంచు ఊరు వాళ్లది. అడివిల మేసొచ్చిన ఎడ్ల మెడల కింద నెత్తురు తాగే గోమార్లు ఏరుడు పిల్లల పని. ఎనిమిదేండ్ల గంగు ఏరేది, రాయి మీద పెట్టి నలిపేది. జరం తలకెక్కి పిల్ల తెలివి తప్పితే ఆదిలాబాద్ దవాఖానకు తీస్కపోయిండ్రు. మెదడువాపు అన్నడు డాక్టరు. గోమారి కుట్టి వచ్చిందో, దోమ కుట్టి వచ్చిందో చెప్పుడు కష్టమన్నడు. ఫిట్స్ రాకుండ గోలీలు రాసిచ్చి, తను చెప్పెదాంక ఆపొద్దన్నడు.

పిల్ల ఇంటికొచ్చింది గని పాత గంగు రాలే. కుడిచెయ్యి వణుకుడు. బువ్వ ముద్ద నోటికి పోయేలోపు సగం ఒళ్లె పడేది. నిన్న నేర్చిన లెక్క ఇయ్యాల యాదికుండది. ఊకె కోపం. కైలాసానికి ఒక్కతాన నిలవబుద్ది కాకపోయేది. నడుమల నాగలి ఇడిసిపెట్టి ఇంటికొచ్చేటోడు, పిల్లను చూసి మళ్ల పోయేటోడు.

ఫిట్స్ రాక చాన నెలలైంది. పిల్ల బడిల నిద్రపోతుందని పంతులు చెప్పి పంపిండు. గోలి మత్తు అది. కైలాసం ఆలోచన చేసిండు. పడ్డ ఎద్దుకు మందు పోస్తరు. లేచి మేత మేసినంక ఎవడన్న పోస్తడా? పెండ్లాం ఐలవ్వ డాక్టరు మాట యాది చేసింది.

"పిల్లేమన్న ఎద్దా?" అన్నది.

మొగడు గోలీలు బందువెట్టిండు. నిజంగనే పిల్ల హుషారైంది, నవ్వుడు గూడ మొదలువెట్టింది. అయినా కైలాసం నాగలి ఇడిసి వచ్చుడు మానలే.

మరుసటేడు పొలాల అమాస వచ్చింది. ఆ రోజు ఎడ్లను కడిగి, కొమ్ములకు రంగులేసి, ఊరి ముంగట తోరణం కింద నుంచి నడిపిస్తరు. పగ్గం ఇంటి పిల్లలు పట్టుకుంటరు. గంగు తనే పడతనన్నది. ఐలవ్వ తమ్ముడు సిద్దిరాములు నవ్విండు.

"నీ ఎద్దే పిల్లను నడిపిస్తది తీయ్ బావా."

కైలాసానికి పంతమొచ్చింది. పగ్గం జారొద్దని బిడ్డ ఎడమచేతికి చుట్టిచ్చిండు.

తోరణం దగ్గరికి రాంగనె గంగు కండ్లు మీదికి పోయినయి. కట్టెతీరు బిగుసుకొని పడ్డది. డప్పులకు బెదిరిన ఎద్దు పక్కకు ఉరికింది. చుట్టిన పగ్గం ఊడలే, పిల్లను జర దూరం ఈడ్సింది. సిద్దిరాములే ముకుతాడు దొరకవట్టి ఆపిండు.

కైలాసం బిడ్డను ఒళ్లె ఏస్కున్నడు. మోచెయ్యి చెక్కుకపోయింది. చానసేపటికి గంగు కండ్లు తెరిచింది.

"బాపూ, మన ఎద్దు తోరణం దాటిందా?"

"దాటింది బిడ్డా."

దాటలే.

ఇంటికొచ్చినంక ఐలవ్వ బిడ్డ మోచేతికి పసుపద్దుకుంట కూసున్నది. తన్ను తిడితెనే మంచిగుండు అనిపించింది కైలాసానికి.

తెల్లారి బడుగ పండుగ. ఊరోళ్లు మోదుగు కొమ్మలతోని గోడలు కొట్టుకుంట, రోగాలు పోవాలె, ఈగలు దోమలు పోవాలె అని అరుసుకుంట తిరుగుతుండ్రు. ఆ కొమ్మలు పొలిమేరల పారేసెదాంక ఊరు దాటొద్దంటరు. కైలాసం కొమ్మ తేలే. గంగును భుజమ్మీద ఏస్కొని అందరి నడుమ నుంచే రోడ్డు దిక్కు నడిచిండు. ఆదిలాబాద్ బస్సెక్కి, డాక్టరు ముంగట నిలవడి, గోలీలు మళ్ల రాయమన్నడు. ఎన్నేండ్లకని అడగలే.