తాంబాళంలో కార్డు

"రేపటిసంది నువ్వు ఆకు ముట్టకు," అంది అమ్మ, నా చేతిలోంచి కత్తెర లాక్కుంటూ. "గోర్లు నల్లగైతయి. ఆదివారం అమోల్ ఇంటోళ్లు నిన్ను జూడనీకి వస్తున్నరు."

పది నెలలుగా అమ్మ పక్కన కూర్చుని తునికాకు కత్తిరిస్తున్నాను. అమ్మ తంబాకు పోసి బీడీ చుడుతుంది, నేను మూతి మడిచి దారం కడతాను. ఇద్దరి కూలీ మా అన్న తుషార్ జేబులోకి పోతుంది. ఇన్నాళ్లలో నా గోర్ల సంగతి ఎవరికీ పట్టలేదు.

విడాకులు తీసుకుని అమెరికా నుంచి ఈ మరాఠీ ఊళ్లో మా తెలుగోళ్ల భవాని పేట్‌లో దిగిన రోజు అన్న నా పెట్టె కూడా దించలేదు. "నాలుగు రోజులకని వచ్చినా అని చెప్పు గల్లీల," అన్నాడు. వదిన ముందు గదిలో పవర్‌లూమ్ పక్కన చాప వేసింది. పసుపు కుంకుమలకు ఒక్క ఇంటి నుంచీ పిలుపు రాలేదు. అసలు తిరిగి రావలసిన పనే లేదు నాకు. కానీ నా మొగుడు ప్రశాంత్ ప్రతి కొట్లాట చివరా ఒకే మాట అనేవాడు: "నువ్వు నా సామాన్లతోని వచ్చినవ్. నన్ను ఇడిస్తే నీ గ్రీన్ కార్డు చెల్లదు. తెల్లారేసరికి పంపిచ్చేస్తరు." ఆ భయం మీదే ఏళ్ల తరబడి వాడి స్నేహితులందరికీ వండిపెట్టాను. పగలు హోటల్ లాండ్రీలో తువాళ్లు మడతపెట్టి వస్తే, "ఇంట్ల నీకేం పనుంది? మిషన్ ఉతుకుతది, మిషన్ కడుగుతది," అనేవాడు. ఆ మిషన్లలో వేసేది, తీసేది, సర్దేది దయ్యాలా? విడాకులైన రోజే కార్డు కూడా చచ్చిందనుకుని విమానమెక్కాను. మొగుడు చెప్పిందే చట్టమనుకోవడం మనకు ఉగ్గుపాలతో వచ్చిన రోగం.

మొన్న ఆ హోటల్లో నాతో పనిచేసిన సాతారా పిల్ల శీతల్ ఫోన్ చేసింది. "వేడీ ఆహేస్ కా గ?" పిచ్చిదానివా అని మరాఠీలో తిట్టింది. అక్కడ పైసలు తీసుకోకుండా సలహా చెప్పే లాయరమ్మ దగ్గర కనుక్కుందట. నాది పదేళ్ల కార్డు. అది మొగుడిది కాదు, నాదే. విడాకులతో పోదు. కానీ ఏడాది దాటి బయటే కూర్చుంటే మాత్రం, నేనే ఆ దేశం వదులుకున్నట్టు లెక్క. "ఏడాది నిండకముందే వచ్చెయ్," అంది.

ఆ సంతోషంలో బుద్ధిలేక ఇంట్లో గట్టిగా చెప్పాను. మరునాటికల్లా అన్న నా పెట్టె తెరిచి పాస్‌పోర్టు, కార్డు తీసి తన బీరువాలో పెట్టి తాళం వేశాడు. దొంగల భయమట! వారంలోపు గల్లీలో నేను విడిచిపెట్టినదాన్ని కాకుండా పోయాను, కార్డున్న పిల్లనయ్యాను.

"లగ్గం అయినంక ఇస్తా," అన్నాడు. "ముందు అమోల్‌ను పిలిపిచ్చుకుంటవ్. సిటిజన్ అయినంక నన్ను, మీ వదినను, పిల్లలను."

"నాకు లగ్గం వద్దన్నా."

"అయితే ఏడాది నిండనీ," అన్నాడు నింపాదిగా, మగ్గం మీద తెగిన పోగు ముడివేస్తూ.

పోలీసు చౌకీకి పోతే ఇంటి మాట ఇంట్లోనే తేల్చుకో తాయీ అని, మరాఠీలో అక్కను చేసి పంపేశారు. అమ్మ కాళ్లు పట్టుకున్నాను.

"నన్ను చూడొచ్చిన్నాడు మీ నాయినమ్మ నా మొఖమే చూడలే," అంది అమ్మ. "ఒళ్లో చాట పెట్టి బీడీలు చుట్టుమన్నది. చేతి యేళ్లు ఎంత జల్ది ఆడుతయో జూసి ఖాయం చేసుకున్నరు. ఆడిదాని దగ్గర ఏదో ఒకటి జూస్తరు బిడ్డా. నీ దగ్గర కార్డున్నది, నసీబు."

"ఆ యేళ్లు పడిపోయినంక?"

అమ్మ చేతులు చెంగు కింద దాచుకుంది.

ఆ రాత్రి ఆలోచించి పొద్దున్నే అన్నతో, "సరే, రమ్మను వాళ్లను," అన్నాను.

ఆదివారం అమోల్, వాళ్లమ్మ రాజమ్మ, సంబంధం తెచ్చిన సిద్ధరాములు మామ వచ్చి కూర్చున్నారు. అన్న మగ్గం ఆపాడు.

"ఇడిసిపెట్టిందైతే ఏందమ్మా, మేం అసొంటియి పట్టుకోం," అంది రాజమ్మ. "కార్డు పర్మనెంట్‌దేనా?"

"లగ్గం కంటె పర్మనెంట్ అక్కా!" అన్నాడు మామ. అందరూ పడీపడీ నవ్వారు.

అమోల్ ఒక్కటే అడిగాడు. "ఆడ చలి బాగుంటదా? నాకు చలి పడదు." నా మొహం చూసి అడగలేదు.

"ఒక్కపారి చూపెట్టుండ్రి," అంది రాజమ్మ. "మా చుట్టాలకు నకిలీది చూపెట్టి మోసం చేసిండ్రు."

అన్న బీరువా తెరిచాడు. తాంబాళంలో తమలపాకులు, వక్కలు, పసుపు కుంకుమ, మధ్యలో నా పాస్‌పోర్టు, దాని మీద కార్డు. చేతులు మారుతూ తిరిగింది. రాజమ్మ కార్డు మూలకు కుంకుమ బొట్టు పెట్టింది. నా నుదుటికి ఇంకా పెట్టలేదు. చివరికి తాంబాళం నా ఒళ్లోకి వచ్చింది. చూపులకు ఒప్పుకున్నది ఇందుకే. పెండ్లివారి కోసం తప్ప ఆ బీరువా తెరుచుకోదు.

రెండూ తీసి బొడ్లో దోపుకుని లేచాను.

"ఏడికే?" అన్నాడు అన్న.

"అమెరికాకు. ఒక్కదాన్నే."

మామ నవ్వబోయి ఆగాడు. అన్న మొహం నల్లబడింది. అరిస్తే గల్లీ వింటుంది. పట్టి గుంజితే పెండ్లివాళ్లు చూస్తారు. చెల్లె చేజారిపోతోందని ఏ నోటితో చెబుతాడు?

"మార్కండేయ గుడికి, మొక్కున్నది. పోయొస్తది," అన్నాడు పళ్లు కనబడేలా నవ్వుతూ. ఆడదాన్ని కట్టేసే పరువు, ఒక్కసారికి వాడినే కట్టేసింది.

చెప్పులేసుకున్నాను. లాండ్రీలో నా కూలి అక్కడి బ్యాంకులోనే ఉంది, దానితోనే టికెట్టు తీయించింది శీతల్. అక్కడ స్వర్గముందని పోవడం లేదు. మళ్లీ తువాళ్లే, నేల మీద పరుపే. కానీ ఆ కూలి నా చేతికొస్తుంది.

ఫలహారం పళ్లెం పట్టుకుని అమ్మ గడప దాకా వచ్చింది. నేను రిక్షా ఎక్కేదాకా అక్కడే నిలబడింది. పిలవలేదు, ఆపలేదు.

కొంతం చౌక్ దాటుతుంటే ఫోను మోగుతూనే ఉంది. ఈ కార్డు మీద ఎవరెవరు రావాలో ఇన్నాళ్లూ మా ఇంట్లో లెక్కలు కట్టారు. అమోల్, అన్న, వదిన, పిల్లలు. అమ్మ పేరు ఒక్కరూ ఎత్తలేదు. నేనూ ఎత్తలేదు. ఆ సంగతి అప్పుడే తట్టింది.

రిక్షా మాత్రం ఆపమనలేదు.